ఉమేదువారు నుంచి ఇంటర్న్ దాకా: ఎండాకాలం ఢిల్లీ దారి

ఈ వారం నిజానికి వేరే విషయం అనుకున్నాను. కానీ లా చదివే ఒక అమ్మాయి మెయిల్ పెట్టింది. "సార్, ఎండాకాలం సెలవుల్లో ఢిల్లీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. జీతం లేదు. రూము అద్దె, తిండి, రైలు ఖర్చు అన్నీ మావే. ఇంట్లో అప్పు చేసి పంపిస్తామంటున్నారు. వెళ్ళమంటారా?" ఇదీ ప్రశ్న.

మీది చరిత్ర ఛానెల్ కదా, దీనికీ చరిత్రకూ ఏం సంబంధం అనొచ్చు. చాలా ఉంది. జీతం లేకుండా పెద్ద ఊరికి వెళ్ళి, పెద్దవాళ్ళ ఆఫీసులో కూర్చుని, రేపు ఏదో దొరుకుతుందని పనిచేయడం మనకు కొత్తేమీ కాదు. దానికి మన భాషలో ఒక పాత మాట కూడా ఉంది. ఆ మాట నాకు చెప్పింది మా తాత.

2007 లో నేను హైదరాబాదులో లా నాలుగో సంవత్సరం పూర్తిచేశాను. ఢిల్లీలో సుప్రీంకోర్టు వకీలు ఒకాయన ఆఫీసులో ఆరు వారాల ఇంటర్న్‌షిప్ దొరికింది. హుజూరాబాద్‌లో మా ఇంట్లో ఈ సంగతి చెప్పగానే తాత అడిగిన మొదటి ప్రశ్న, "జీతమెంత ఇస్తరు?"

"ఇయ్యరు తాతా."

"మరి తిండి?"

"అది గూడ మనదే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "గిది ఉమ్మీద్‌వారీ గదరా" అన్నాడు. "మా పెద్దన్న నిజాం కాలంల తాసీల్ల రెండేండ్లు గిట్లనే కూసున్నడు. కాయితాలు రాసుడు, బస్తాలు కట్టుడు. నౌకరీ ఎవలికి వచ్చిందో ఎరికేనా? పేష్కార్ అల్లునికి."

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాది ఇంటర్న్‌షిప్, సుప్రీంకోర్టు, ఢిల్లీ. దాన్ని తీసుకెళ్ళి తాసీల్ ఆఫీసులో గుమాస్తాగిరీతో కలుపుతాడేమిటి అనుకున్నాను. తాత చెప్పింది అక్షరాలా చరిత్రేనని తర్వాత చదువుకుంటే అర్థమైంది.

ఉమేద్ అంటే ఫారసీలో ఆశ. ఉమేదువారు అంటే ఆశపెట్టుకున్నవాడు. పాత తెలుగులో ఎన్నికల అభ్యర్థిని కూడా ఉమేదువారు అనేవారు. కంపెనీ కాలపు ఇంగ్లీషువాళ్ళకు కూడా ఈ మాట బాగా తెలుసు. 1886 లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఇది ఒమెడ్వార్ అనే రూపంలో కనిపిస్తుంది.

మరి కచేరీల్లో ఉమేదువారు చేసే పనేమిటి? ఒక్క జిల్లా కలెక్టరు కచేరీని ఊహించుకోండి. టైపు మిషను లేదు, జిరాక్సు లేదు. ప్రతి లెక్కా, ప్రతి అర్జీ, ప్రతి జాబు చేత్తో రాయాలి. రాసినదానికి నకలు, ఆ నకలుకు ఇంకో నకలు. గ్రామం నుంచి తెలుగులో వస్తుంది, హుజూరు కచేరీలో మరాఠీలోకి మారుతుంది, దొర దగ్గరికి ఇంగ్లీషులో వెళ్ళాలి. పని కొండంత, కానీ జీతమిచ్చే పోస్టులు పైనుంచి మంజూరైనన్నే. మిగిలిన పని ఎవరు చేస్తారు? కుర్రాళ్ళు. మేనమామ శిరస్తాదారో, బాబాయి మున్షీయో అయిన కుర్రాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. దస్తూరీ కుదిరేదాకా రాసేవాళ్ళు. ఏళ్ళ తరబడి జీతం లేకుండా పని నేర్చుకుంటూ, ఎవరో ఒకరు చనిపోయి ఒక పోస్టు ఖాళీ అయ్యేదాకా కాచుకునేవాళ్ళు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, పని నిజంగానే నేర్చుకునేవాళ్ళు. అప్పటికి కచేరీ పని నేర్పే కాలేజీ లేదు. కచేరీయే కాలేజీ. రెండోది, ఆ కాలేజీలో చేరాలంటే రెండు మూడేళ్ళు సంపాదన లేకపోయినా తిండి పెట్టే ఇల్లు ఉండాలి, లోపల చెప్పేవాడు ఒకడుండాలి. ఈ రెండూ ఉన్న కుటుంబాలు కొన్నే. అందుకే ఉద్యోగాలు ఆ కొన్ని కుటుంబాల చుట్టూనే తిరిగాయి. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965 లో గుంటూరు జిల్లా మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. 1788 నుంచి 1848 వరకు కథ అది. కలెక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. కచేరీని గుప్పిట్లో పెట్టుకున్న కుటుంబాలు మాత్రం కదలవు. చదువుతుంటే మా తాత మాటే వినపడింది నాకు. పేష్కార్ అల్లుడు!

అయితే ఈ దారి అన్యాయమే తప్ప ఇంకేమీ కాదంటే అదీ పూర్తి నిజం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కాశీయాత్ర చరిత్ర ఆయనదే. 1830 మే 18 న, నడి ఎండాకాలంలో, మద్రాసు నుంచి బయల్దేరి కాశీదాకా వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై ఆ పుస్తకాన్ని అచ్చువేయించారు. వీరాస్వామయ్య గారి జీవితంలో ఒక చిన్న వివరం ఉంది. తొమ్మిదేళ్ళకే ఇంగ్లీషు ధారాళంగా చదివేవారట. పన్నెండో ఏట మద్రాసులో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో చేరారు. ఏ హోదాలో? వాలంటీరుగా!

మద్రాసు అప్పుడు ప్రెసిడెన్సీ రాజధాని. రాజధానిలో, సర్కారు ఆఫీసులో, పన్నెండేళ్ళ తెలుగు కుర్రాడు వాలంటీరు. ఈ రోజు భాషలో చెప్పాలంటే ఇంటర్నే కదండీ. అక్కడ మొదలైన మనిషి చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరు అయ్యారు. ఇప్పటి సుప్రీంకోర్టు కాదు, కంపెనీ కాలంలో మద్రాసులో ఉన్న సుప్రీంకోర్టు. సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెబితే జడ్జి దొరకు ఇంగ్లీషులో చెప్పడం పని. ఒక్క మాట తప్పు చెబితే ఒకరి ఆస్తి పోతుంది. అంత బాధ్యత. ఈ ఇంటర్‌ప్రెటరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, ఢిల్లీకి వద్దాం. ఎండాకాలంలో ఢిల్లీకి పిల్లలు ఎందుకు వెళ్తారు? ఇక్కడ నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఎండాకాలంలో రాజధాని వదిలి పారిపోవడం బ్రిటిష్ వాళ్ళ పద్ధతి. 1864 నుంచి సిమ్లా వేసవి రాజధాని. వైస్రాయితో పాటు ఫైళ్ళు, గుమాస్తాలు, వంటవాళ్ళు అందరూ కొండెక్కేవాళ్ళు. రాజధాని కలకత్తాలో ఉన్నప్పుడూ అంతే, 1911 డిసెంబరు దర్బారులో ఢిల్లీకి మారుస్తున్నామని ప్రకటించిన తర్వాతా అంతే. 1931 లో న్యూఢిల్లీ ప్రారంభమైంది. అంత ఖర్చుపెట్టి కట్టిన ఊరు ఎండాకాలం వస్తే సగం ఖాళీ!

స్వాతంత్ర్యం తర్వాత సిమ్లా ప్రయాణం ఆగిపోయింది గానీ ఎండాకాలం సెలవు మాత్రం కోర్టుల్లో మిగిలిపోయింది. మన సుప్రీంకోర్టు 1950 జనవరిలో పార్లమెంటు భవనంలోనే మొదలైంది, 1958 లో ఇప్పుడున్న భవనానికి మారింది. ప్రతి ఏడూ మే చివరి నుంచి జూలై మొదటిదాకా మామూలు బెంచీలు ఉండవు, అత్యవసర కేసులకు సెలవుల బెంచీలు కూర్చుంటాయి. ఈ మధ్య 2024 లో దానికి పాక్షిక పనిదినాలని పేరు మార్చారు. కాలేజీలకు కూడా సెలవులు సరిగ్గా అప్పుడే. అంటే ఏమవుతుంది? కోర్టు చూడాలని దేశమంతటి నుంచి పిల్లలు దిగే సమయానికి కోర్టు దాదాపు మూసి ఉంటుంది. నేను ఆరు వారాలుండి కోర్టు గదిలోకి వెళ్ళింది రెండేసార్లు.

మరి ఇంతమంది ఎందుకు వెళ్తున్నారంటే, దానికి కొంత చట్టం కథ ఉంది. త్వరగా చెప్పేస్తాను. పాతకాలంలో వకీలు కావాలంటే పరీక్ష ప్యాసవ్వాలి, ఒక సీనియరు దగ్గర అప్రెంటిస్‌గా ఉండాలి. 1961 లో అడ్వకేట్స్ చట్టం వచ్చింది. చేరకముందు శిక్షణ ఉండాలన్న నిబంధనను 1973 సవరణలో తీసేశారు. 1995 లో బార్ కౌన్సిల్ మళ్ళీ ఏడాది శిక్షణ నియమం పెట్టింది. 1999 లో సుప్రీంకోర్టు వి. సుధీర్ కేసులో, ఆ నియమం పెట్టే అధికారం మీకు లేదని కొట్టేసింది. ఈలోగా చదువే మారిపోయింది. బెంగళూరులో నేషనల్ లా స్కూలు, 1998 లో హైదరాబాదులో నల్సార్, ఇలా ఐదేళ్ళ లా కాలేజీలు వచ్చాయి. చదువు తర్వాత ఉండాల్సిన అప్రెంటిస్‌గిరీ చదువు మధ్యలోకి, సెలవుల్లోకి వచ్చింది. 2008 లో బార్ కౌన్సిల్ రూలు రాసింది. ఐదేళ్ళ కోర్సుకు కనీసం 20 వారాలు, మూడేళ్ళ కోర్సుకు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. అంటే చేస్తే చేశావు, లేకపోతే లేదు అనే పని కాదిది. చేయాల్సిందే. జీతం గురించి మాత్రం అందులో పట్టింపు లేదు. తిండి ఎవరు పెడతారన్న తాత ప్రశ్నకు అక్కడా జవాబు లేదు.

ఇప్పుడు నా ఆరు వారాలు. మా నాన్న ఆర్టీసీ కండక్టరు. ఒక చీటీ వేస్తుండేవాడు. నా ప్రయాణం కోసం దాన్ని ముందే పాడేశాడు. ముందే పాడితే ఎంత పోతుందో చీటీలు వేసేవాళ్ళకు తెలుసు. చేతికి వచ్చిన పదకొండు వేలు నా బ్యాగులో పెట్టాడు. నాంపల్లిలో పొద్దున్నే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇప్పుడు దాన్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నాం. స్లీపర్ క్లాసు, మే నెల, నాగపూర్ దగ్గర కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది.

లక్ష్మీనగర్‌లో ఒక గది. నల్గొండ అబ్బాయి సీఏ చదువుతుంటే వాడితో పాటు ఉన్నాను. లక్ష్మీనగర్‌కు అప్పటికి మెట్రో రాలేదు. బ్లూలైన్ బస్సెక్కి యమున దాటి రావాలి. ఆ బస్సుల కింద పడి జనం చనిపోతున్నారని ఆ ఏడాది రోజూ పేపర్లో వార్తలే. రాత్రి కూలరులో నీళ్ళు అయిపోతే ఇద్దరం లేచి, ఈసారి నీ వంతంటే నీ వంతని కొట్లాడుకునేవాళ్ళం. ఆదివారం మాత్రం ఆంధ్రా భవన్ క్యాంటీన్. టోకెన్ తీసుకుని, వరసలో నిలబడి, పప్పు, పచ్చడి, నెయ్యి వేసుకుని కడుపునిండా తిని, ఆ రోజుకు ఇంకో పూట తినకుండా గడిపేసేవాణ్ణి. ఢిల్లీలో చదివిన తెలుగు పిల్లల్లో ఇలా చేయనివాళ్ళు తక్కువ.

ఆఫీసులో నాతోపాటు ఇంకొక ఇంటర్న్ ఉండేవాడు. వాళ్ళ నాన్న ఢిల్లీలోనే వకీలు. కారులో వచ్చేవాడు, సీనియరు గదిలోకి నేరుగా వెళ్ళి కూర్చునేవాడు, రెండు వారాలకు లెటరు తీసుకుని వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదండీ, నాకు ఎన్నోసార్లు టిఫిను పెట్టాడు. వాడి ఇల్లు ఢిల్లీలో ఉంది, నా ఇల్లు హుజూరాబాద్‌లో ఉంది. అంతే తేడా. కానీ ఆ తేడా విలువ పదకొండు వేలు.

మొదటి రెండు వారాలు నాకు ఏ పనీ చెప్పలేదు. పుస్తకాలు దుమ్ము దులపడం, జిరాక్సులు తేవడం. మూడో వారంలో కరీంనగర్ వైపు నుంచి ఒక భూమి కేసు వచ్చింది. మూడెకరాలు. కాగితాలన్నీ తెలుగులో. సుప్రీంకోర్టు నడిచేది ఇంగ్లీషులో కాబట్టి ప్రతి కాగితానికీ ఇంగ్లీషు తర్జుమా పెట్టాలి. "నీకు తెలుగు వచ్చు కదా" అని కట్ట నా బల్ల మీద పెట్టారు. ఎంత సంతోషమో! రాత్రి పదిదాకా కూర్చున్నాను. పాత పహాణీలు, చెదలు తిన్న అంచులు, మధ్యలో ఉర్దూ మాటలు.

పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉంటాయి. భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుకుంటున్నారు, రెండూ వేరువేరు. కేసంతా ఆ తేడా మీదే. నేను రెండు ఏళ్ళ పహాణీల్లో ఆ రెండు గడులూ తారుమారు చేశాను. అలసటో, తొందరో, రెండూనో. సీనియరు చూడలేదు. జూనియరు సంతకం కోసం పక్కన పెట్టేశాడు. పట్టుకున్నది ఎవరంటే ఆఫీసు గుమాస్తా. ఆయనకు తెలుగు రాదు. కానీ మిగతా ఏళ్ళ పేజీల్లో ఒక పేరు ఎడమవైపు ఉండి, ఈ రెండింట్లో కుడివైపు ఉండటం చూశాడు. నన్ను పిలిచి పేజీ మీద వేలుపెట్టి, "బేటా, మళ్ళీ చూడు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కరీంనగర్‌లో ఎవరో ఒకాయన, మా నాన్నలాంటివాడే, ఉన్నదంతా ఊడ్చి ఢిల్లీదాకా కేసు తెచ్చుకున్నాడు. ఆయన కాగితాలు చదివింది జీతం లేని, అనుభవం లేని, అడిగేవాడు లేని ఒక కుర్రాడు. డబ్బు ఇవ్వకపోవడం వల్ల నష్టం ఇంటర్న్ ఒక్కడికే అనుకుంటాం. కాదు. ఊరికే వచ్చిన పనిని ఎవరూ సరిచూడరు. ఆ నష్టం ఎక్కడో మూడెకరాల మనిషి మీద పడుతుంది. వీరాస్వామయ్య గారు వాలంటీరుగా మొదలై ఇంటర్‌ప్రెటరు అయ్యారని గొప్పగా చెప్పుకున్నాం కదా. అలా నేర్చుకునే రోజుల్లో ఎంతమంది ఉమేదువార్లు ఎన్ని గడులు తారుమారు చేశారో, ఎవరి భూములు పోయాయో ఏ పుస్తకంలోనూ ఉండదు.

తర్వాత మూడు వారాలు నేను ఆ గుమాస్తా పక్కనే కూర్చున్నాను. ఫైలు కుట్టడం, తేదీల పట్టిక రాయడం, రిజిస్ట్రీ వాళ్ళు ఎందుకు తిప్పి పంపుతారో చూడటం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వెళ్ళేరోజు లెటరు సీనియరు ఇచ్చాడు. చదువు ఇచ్చింది గుమాస్తా. ఆ కేసు ఏమైందో నాకు తెలియదు. ఇంటర్న్ ఎప్పుడూ తీర్పు రాకముందే రైలెక్కేస్తాడు.

అప్పటికీ ఇప్పటికీ ఏమీ మారలేదా? మారింది. 2013 లో పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చినప్పుడు, జీతం ఉన్నా లేకపోయినా, ట్రైనీ అయినా, అప్రెంటిస్ అయినా ఉద్యోగి కిందే లెక్క అని రాశారు. అమ్మాయిలు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ లాయర్లకు నెలకు 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకం మొదలైంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్, పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వండని సలహా ఇచ్చింది. సలహాయే, రూలు కాదు. అదీ చదువు అయిపోయిన జూనియర్లకు. అదే ఏడాది కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం తెచ్చింది. మొదలైనప్పుడు పెద్ద కంపెనీల్లో ఏడాదిపాటు, నెలకు 5,000. నేషనల్ లా యూనివర్సిటీల్లో చదివినవాళ్ళకు అప్పుడు అది వర్తించలేదు. చూశారా, ఆశకు కొంచెం కొంచెంగా వెల కట్టడం మొదలుపెట్టారు. ఢిల్లీలో సెలవుల్లో ఫైళ్ళు మోసే లా విద్యార్థి దగ్గరికి మాత్రం అది ఇంకా పూర్తిగా రాలేదు.

ఇక మెయిల్ పెట్టిన అమ్మాయికి జవాబు. అమ్మా, వెళ్ళమనీ వద్దనీ నేను చెప్పలేను. కానీ వెళ్ళేముందు ఆ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. నా చేత ఏం రాయిస్తారు, రాసింది ఎవరు దిద్దుతారు అని. రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు చెబితే వెళ్ళు. "అవన్నీ ఇక్కడికి వచ్చాక చూద్దాం" అంటే, హైకోర్టులోనో మీ జిల్లా కోర్టులోనో మంచి సీనియరును వెతుక్కో. అక్కడ కోర్టు గది చూడొచ్చు, ఇంటి తిండి తినొచ్చు, పైగా అక్కడి కాగితాలు నీ భాషలో ఉంటాయి. వారాల లెక్కలో ఆ అనుభవమూ పనికొస్తుంది. ఢిల్లీకే వెళ్తే, ఖర్చు రాయడం మానకు. రోజూ రాయి. ఏదో ఒక రోజు నీ ఆఫీసులో ఒక పిల్ల వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఆ పద్దు తీసి చూసుకుంటే ఆ పిల్లకు ఎంత ఇవ్వాలో నీకే తెలుస్తుంది.

నేను తిరిగొచ్చాక తాత అడిగాడు, "ఏమైందిరా, నౌకరీ ఇచ్చిండ్రా?" అని. లేదు తాతా, లెటరు ఇచ్చారు అని చూపించాను. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి, భూమి కాగితాలుండే ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఇప్పటికీ అందులోనే ఉంది.

మీ ఇళ్ళల్లో ఉమేదువారీ చేసిన తాతలు, ఢిల్లీలోనో హైదరాబాదులోనో జీతం లేకుండా పనిచేసిన పిల్లలు ఉంటే ఆ కబుర్లు రాసి పంపండి. వచ్చే వారం వేరే కథతో కలుద్దాం.